కాని, కాణి: హారములు వేరైన భిన్నముల తీసివేతకు ఒక చరిత్ర



లెక్కల నోటుపుస్తకాలు దిద్దే వారందరికీ చిరపరిచితమైన తప్పు ఒకటి ఉంది. 3/4 నుంచి 2/3 తీసివేయమంటే, పైన మూడులో రెండు పోగా ఒకటి, క్రింద నాలుగులో మూడు పోగా ఒకటి, కనుక జవాబు 1/1 అని బిడ్డ వ్రాస్తాడు. ముప్పాతిక రొట్టెలో నుంచి ఒక పెద్ద ముక్క తీసివేస్తే నిండు రొట్టె మిగిలిందన్నమాట! మనం ఎర్రసిరాతో కొట్టివేసి, "హారాలకు క.సా.గు. కట్టు" అంటాము. బిడ్డ పన్నెండు తెచ్చి, 9/12 నుంచి 8/12 తీసి, 1/12 అని సరిదిద్దుకుంటాడు. మరునాటికి సూత్రం మరచి, మళ్ళీ పాత తప్పే చేస్తాడు.

ఈ సూత్రం ఎక్కడి నుంచి వచ్చింది, అది లేని కాలంలో మన పెద్దలు ఈ తీసివేతను ఎలా నెట్టుకొచ్చారు అన్నది ఈ వ్యాసంలో చెప్పదలచాను. ఆవడి, తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల వారికి ఈ చరిత్ర మరింత దగ్గరిది. ఎందువల్లనో చదివితే మీకే తెలుస్తుంది.

మొదట భాష సంగతి. ఆంగ్లంలో చదివే పిల్లవాడు 3/4ను "త్రీ బై ఫోర్" అంటాడు. మూడు ముందు, నాలుగు తరువాత. తెలుగులో మనం "నాలుగింట మూడు వంతులు" అంటాము. తమిళంలో "నాన్‌గిల్ మూండ్రు" అంటారు. రెండు భాషల్లోనూ హారమే ముందు వస్తుంది. ఎన్ని ముక్కలు చేశామో చెప్పిన తరువాతే ఎన్ని తీసుకున్నామో చెబుతాము. "నాలుగింట మూడు వంతుల నుంచి మూడింట రెండు వంతులు తీయి" అని నోటితో పలికి చూడండి. నాలుగింట వేరు, మూడింట వేరు అని చెవికే తెలిసిపోతుంది. "త్రీ బై ఫోర్ మైనస్ టూ బై త్రీ"లో ఆ హెచ్చరిక వినబడదు. నాలుగు అంకెలు వరుసగా వినబడతాయి, అంతే.

తమిళ మాధ్యమంలో హారాన్ని "పగుది" అని, లవాన్ని "తొగుది" అని అంటారు. పగుదిలోని "పగు" మన "పగులు"కు తోబుట్టువు. ఎన్ని ముక్కలుగా పగిలిందో చెప్పేది పగుది. వాటిలో ఎన్ని ప్రోగుచేశామో చెప్పేది తొగుది. తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటికొక తరగతి చొప్పున పైకి సాగింది. ఆ చట్టంలోని మంచిచెడుల చర్చ ఇక్కడ నా ఉద్దేశం కాదు. అయితే నేడు మన బిడ్డల చెవిన రెండు భాషల గణిత పదాలు పడుతున్నాయన్నది వాస్తవం. లవము, హారము అన్న సంస్కృత పదాలు అర్థం కాని తెలుగు బిడ్డకు పొరుగు భాషలోని పగుది అర్థమైతే, దానిని వాడుకోవడానికి మనకు చిన్నతనం ఎందుకు?

ఇక వీధి బడుల కాలానికి వెళదాం. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను కోరాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వాటిలో ప్రసిద్ధమైనది. ఆ జిల్లాలో 533 బడులు ఉన్నాయని, వాటిలో తెలుగు, కన్నడ బడులే అధికమని అందులో తెలుస్తుంది. భిన్నాల గురించి ఆయన వ్రాసినది మనకు ముఖ్యం. పిల్లలకు భిన్నాలు నేర్పడానికి అక్కడ ఎంతో శ్రమ తీసుకుంటారని, ఆ భిన్నాలు పదుల చొప్పున కాక నాలుగుల చొప్పున దిగుతూ చాలా లోతుకు పోతాయని, రోజుకు రెండుసార్లు పిల్లలను వరుసగా నిలబెట్టి వాటిని వల్లెవేయిస్తారని ఆయన గమనించాడు. అర్థం తెలియకుండా పద్యాలు బట్టీపట్టిస్తారని అదే నివేదికలో విమర్శించిన మనిషి భిన్నాల దగ్గర మాత్రం ఆగి చూశాడు.

నాలుగుల చొప్పున దిగడం అంటే ఏమిటి? ఒకటిని నాలుగు చేస్తే కాలు. కాలును నాలుగు చేస్తే వీసము, అనగా 1/16. వీసాన్ని నాలుగు చేస్తే కాని, అనగా 1/64. నడుమ రెండు కాళ్ళు అర, మూడు కాళ్ళు ముప్పాతిక. రెండు వీసాలు పరక, మూడు వీసాలు మువ్వీసము. మూడు కానులు ముక్కాని. ధాన్యపు కొలతలూ చాలా చోట్ల ఇదే మెట్ల మీద నడిచాయి: నాలుగు గిద్దెలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. అనగా తూములో గిద్దె 1/256వ వంతు. బడిలో వల్లించిన మెట్లే ఇంట్లో అమ్మ చేతి సోలలోనూ, కళ్ళంలో నాన్న చేతి కుంచంలోనూ ఉండేవి.

వ్రాతలో దీనికి ప్రత్యేక గుర్తులు ఉండేవి. కాళ్ళ స్థానంలో నిలువు గీతలు ౹ ౺ ౻, వీసాల స్థానంలో అడ్డగీతలు ౼ ౽ ౾, కానుల స్థానంలో మళ్ళీ నిలువు గీతలు. ఒక మెట్టు నిలువు, మరొక మెట్టు అడ్డం కావడం వల్ల ఏ గీత ఏ మెట్టుదో పొరపాటు పడే వీలు తక్కువ. 2008లో వెలువడిన యూనికోడ్ 5.1లో ఈ గుర్తులకు, తూము గుర్తుకు చోటు దొరికింది. మన పాఠ్యపుస్తకాలలో దొరకని చోటు కంప్యూటరులో దొరికింది!

ఇప్పుడు తీసివేత చూడండి. ముప్పాతిక నుంచి పరక తీయాలి. నేటి లెక్కలో 3/4 నుంచి 1/8, క.సా.గు. కట్టాలి. వీధి బడి పిల్లవాడికి ముప్పాతిక అంటే పన్నెండు వీసాలు, పరక అంటే రెండు వీసాలు. మిగిలినవి పది వీసాలు, అనగా అరా పరకా. కాలు నుంచి ముక్కాని తీయాలంటే, కాలును నాలుగు వీసాలు చేసి, అందులో ఒక వీసాన్ని నాలుగు కానులు చేసి, మూడు తీస్తాడు. మిగిలేది మువ్వీసమూ ఒక కానీ. ఇది ఇరవై మూడు నుంచి తొమ్మిది తీసేటప్పుడు పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం వంటిదే. అక్కడ అప్పు తెస్తే పది వస్తుంది, ఇక్కడ నాలుగు వస్తుంది. తేడా అంతే.

గమనించారా? ఈ పద్ధతిలో హారాలు వేరుగా ఉన్నట్టు కనిపించినా ఒక హారం మరొక హారంలో ఎప్పుడూ చక్కగా ఇమిడిపోతుంది. 4, 16, 64, 256: ఏ రెండింటిని తీసుకున్నా పెద్దదే క.సా.గు. కనుక క.సా.గు. అన్న మాటతో పనే లేదు. మన పూర్వులు హారాలు వేరైన భిన్నాల సమస్యను పరిష్కరించారని నేను అనను. ఆ సమస్య తలెత్తని హారాలను ఎన్నుకున్నారు. సంత బేరానికి ఇది చాలు. కాని ముగ్గురు అన్నదమ్ములు పంచుకోవలసి వస్తే? మూడింట ఒక వంతును కాళ్ళలో, వీసాలలో, కానులలో ఎంత లోతుకు పోయినా సరిగా చెప్పలేము. ప్రతి మెట్టు మీదా ఒక పిసరు మిగిలిపోతూనే ఉంటుంది. మనవాళ్ళకు అన్నీ తెలుసునని చెప్పుకునే వారు ఈ పిసరును మరువరాదు.

ఆ పిసరుకు జవాబు శాస్త్ర గ్రంథాలలో ఉంది. హారాలను సమానం చేయడానికి మన శాస్త్రకారులు పెట్టిన పేరు సవర్ణనము; వేర్వేరు రంగుల వాటిని ఒకే రంగుకు తేవడం. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో దీనికి సూత్రం ఉంది. 628లో బ్రహ్మగుప్తుడు కూడా చెప్పాడు. ఒక భిన్నం హారంతో రెండవ భిన్నపు లవాన్నీ హారాన్నీ గుణించడం, అలాగే రెండవ దాని హారంతో మొదటి దానిని గుణించడం వారి పద్ధతి. సరైనదే, కాని అంకెలు ఊరికే పెరిగిపోతాయి.

తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో జీవించిన జైన పండితుడు మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో మరొక అడుగు వేశాడు. భిన్నాల కోసం ఆయన ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. దాని పేరు కళాసవర్ణము. కళ అంటే భాగం. చంద్రునికి పదహారు కళలు అన్నప్పటి కళ. మన వీసమూ పదహారవ వంతే కదా! ఆ అధ్యాయంలో ఆయన "నిరుద్ధము" అన్న దానిని నిర్వచించాడు. హారాలలో ఉమ్మడిగా ఉన్న కారణాంకాలనూ, వాటితో భాగించగా వచ్చిన లబ్ధాలనూ కలిపి గుణించగా వచ్చేది నిరుద్ధము. నేడు మనం క.సా.గు. అంటున్నది అదే. భిన్నాల సవర్ణనానికి దీనిని వాడమని స్పష్టంగా చెప్పిన భారతీయ గణితజ్ఞులలో మొదటివాడు మహావీరుడేనని గణిత చరిత్రకారులు అంటారు. భిన్నాల తీసివేతలకు ఆయన "భాగాపవాహము" అన్న విభాగాన్ని వేరుగా పెట్టాడు.

ఈ గ్రంథం తెలుగువారికి పరాయిది కాదు. పావులూరి మల్లన దీనిని సారసంగ్రహ గణితము అన్న పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆయన కాలం పదకొండవ శతాబ్దమా, పన్నెండవ శతాబ్ది ఆరంభమా అన్న విషయంలో పండితులలో భేదాభిప్రాయాలు ఉన్నాయి. ఏ విధంగా చూసినా నన్నయకు ఎంతో దూరం కాదు. తెలుగు సాహిత్యం కన్ను తెరుస్తున్న రోజులలోనే తెలుగులో గణితశాస్త్రం వచ్చిందన్నమాట. మూలంలోని జైన సంబంధమైన ఉదాహరణలను మల్లన శైవానికి అనుగుణంగా మార్చుకున్నాడు. లెక్క మాత్రం మారలేదు. ఇక సంస్కృత మూలాన్ని ఆంగ్లానువాదంతో 1912లో అచ్చువేయించినది మద్రాసు ప్రభుత్వం. పరిష్కర్త మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల సంస్కృతాచార్యులు ఎం. రంగాచార్యులు. ఆవడి నుంచి రైలెక్కితే గంటలో చేరే చోట ఈ పని జరిగింది.

ఇంతవరకు చెప్పినది తెలుగు బడుల పద్ధతి, శాస్త్రగ్రంథాల పద్ధతి. మన జిల్లాలో మూడవది కూడా నడిచింది. అది తమిళ తిణ్ణై బడులలోని ఎణ్‌చువడి పద్ధతి.

తమిళ లెక్కలో కాల్ ఉంది, అరైక్కాల్ అనే 1/8 ఉంది, వీసం అనే 1/16 ఉంది. ఇవి మనవే. వాటి పక్కనే మరొక వరుస ఉంది: ఒకటిలో ఇరవైయవ వంతు "మా", దానిలో నాలుగవ వంతు "కాణి", అనగా 1/80, దానిలో నాలుగవ వంతు "ముందిరి", అనగా 1/320. పదహారు వరుస ఒకటి, ఇరవై వరుస మరొకటి. ఇవి ఒకదానిలో ఒకటి ఇమడవు. కనుక తమిళ పిల్లవాడికి మన వీధి బడి పిల్లవాడు ఎరుగని చిక్కు ఎదురయ్యేది. వీసం నుంచి మా తీస్తే ఎంత?

బ్రహ్మగుప్తుని దారిలో పోతే 16ను 20తో గుణించి 320 చేయాలి. 20/320 నుంచి 16/320 పోగా 4/320. అనగా నాలుగు ముందిరులు. మహావీరుని దారిలో పోతే 16కు, 20కి ఉమ్మడి కారణాంకం 4. లబ్ధాలు 4, 5. మూడింటినీ గుణిస్తే 80. అప్పుడు 5/80 నుంచి 4/80 పోగా 1/80. అనగా ఒక కాణి. నాలుగు ముందిరులు ఒక కాణి కనుక రెండు జవాబులూ ఒకటే. ఈ రెండు హారాలకూ, 80కీ 320కీ, తమిళంలో ముందుగానే పేర్లు ఉన్నాయి!

అంతకంటే విచిత్రం, 1/16కు తమిళంలో వీసం కాక మరొక పేరు ఉంది: "మాకాణి". మా అంటే 1/20, కాణి అంటే 1/80. రెండూ కలిపితే 4/80, 1/80, వెరసి 5/80, అనగా 1/16. హారాలు వేరైన భిన్నాల కూడిక ఒక మాటలోనే ఒదిగి ఉంది. మాకాణి నుంచి మా తీస్తే మిగిలేది ఏమిటో సూత్రం తెలియని బిడ్డ కూడా చెప్పగలడు. మాటలోనే జవాబు ఉన్నది కదా. క.సా.గు. పాఠాన్ని ఇంత సులువుగా మొదలుపెట్టగల ఉదాహరణ నాకు మరెక్కడా కనబడలేదు.

ఈ లెక్కలు బడి ఆవరణలోనే ఆగిపోలేదు. ఆవడి పరిసరాలు ఒకప్పటి చెంగల్పట్టు జాగీరులోనివి. 1767 నుంచి 1774 వరకు ఆ జాగీరు గ్రామాలను థామస్ బర్నార్డ్ అనే ఇంజనీరు సర్వే చేశాడు. ఆ కాలపు లెక్కలలో కళ్ళంలోని రాశి నుంచి గుడికి, వడ్రంగికి, కమ్మరికి, కరణానికి, ఇంకా ఎందరికో పోవలసిన భాగాలు కనిపిస్తాయి. సర్కారుకు, రైతుకు పంపకం జరిగే ముందే కొన్ని భాగాలు తీసివేయాలి. భిన్నాల తీసివేత తప్పితే ఎవరో ఒకరి గంజి తగ్గుతుంది. తెలుగు ఊరి కరణానికైనా, తమిళ ఊరి కణక్కుప్పిళ్ళకైనా ఇది నిత్యకృత్యం.

తిరుత్తణి ఈ రెండు లెక్కల కూడలి. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఆ ఊరు చిత్తూరు జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రంలోకి వెళ్ళి, సరిహద్దు సవరణ చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. 1997లో చెంగల్పట్టు విడిపోయి తిరువళ్ళూరు జిల్లా ఏర్పడింది. రాష్ట్రాలు మారాయి గాని సంతలో నాణెం ఒక్కటే. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పాత పైసలు. అనగా పైసా రూపాయిలో 1/64. తెలుగువాడు ఆ నాణేన్ని "కాని" అన్నాడు, ఎందుకంటే అతని లెక్కలో 1/64 కానియే. తమిళుడు "కాలణా" అన్నాడు, ఎందుకంటే అతని లెక్కలో కాణి 1/80, దానికి దీనికి పొత్తు కుదరదు. 1943 నుంచి 1947 వరకు నడుమ రంధ్రంతో వచ్చిన నాణేన్ని మన ఇళ్ళలోని ముసలివారు చిల్లుకాని అనడం మీరు వినే ఉంటారు. భిన్నం పేరు నాణెం పేరయింది. నేటి బిడ్డకు ఆ నాణెమూ తెలియదు, ఆ భిన్నమూ తెలియదు.

1957 ఏప్రిల్ 1న రూపాయి నూరు నయాపైసలయింది. ఆ మార్పు అవసరమైనదే, దానిని నిందించను. అయితే ఆ రోజులలో ప్రకటించిన మారకపు పట్టిక చూడండి. ఒక అణాకు 6 నయాపైసలు, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25. మూడణాల నుంచి రెండణాలు పోతే ఒక అణా కదా. కాని 19 నుంచి 12 పోతే 7! నూరును పదహారు సమభాగాలు చేస్తే ఒక్కొక్కటి ఆరుంబావు. ఆ పావును కొన్నిచోట్ల వదలి, కొన్నిచోట్ల కలుపుకున్నారు. ఒక లెక్క నాలుగుల మెట్లు దిగేది, మరొక లెక్క పదుల మెట్లు దిగేది. హారాలు కుదరని రెండు వరుసలను బలవంతంగా ఒకచోట కూర్చోబెడితే ఏమవుతుందో దేశమంతా చిల్లర చేతబట్టుకొని నేర్చుకున్నది. ఆ వెంటనే 1960ల ఆరంభానికి కిలోలు, లీటర్లు వచ్చాయి. సోల, మానిక, కుంచం అటకెక్కాయి. చివరికి 2011 జూన్ 30తో పావలా కూడా చెల్లుబాటు కోల్పోయింది.

దీని ఫలితం తరగతి గదిలో కనిపిస్తున్నది. పూర్వం బిడ్డ చేతిలో భిన్నం ఉండేది, పుస్తకంలో సూత్రం ఉండేది కాదు. నేడు పుస్తకంలో సూత్రం ఉంది, చేతిలో భిన్నం లేదు. అర, పావు, ముప్పావు మాత్రం ఇంకా బ్రతికి ఉన్నాయి. గడియారం చూసి "పావు తక్కువ పది" అనే బిడ్డ భిన్నాన్ని తీసివేస్తూనే ఉన్నాడు. అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. పావులో సగం పరక అని, పరకలో సగం వీసమని ఒక కాగితాన్ని మడిచి మడిచి చూపించండి. పరకను వీసాలుగా మార్చి తీసివేయించండి. ఆ తరువాతే మూడింట, ఐదింట అంటూ మడతకు లొంగని వాటిని తీసుకురండి. అప్పుడు క.సా.గు. ఎందుకు కావలసి వచ్చిందో బిడ్డే అడుగుతాడు. ఈ వరుస పావులూరి మల్లనకూ కొత్తది కాదు, తిణ్ణై బడి అయ్యవారికీ కొత్తది కాదు.

తరగతిలో తెలుగు బిడ్డలూ తమిళ బిడ్డలూ కలిసి కూర్చునే చోట వేయదగిన లెక్క ఒకటి ఉంది. తెలుగు కాని 1/64. తమిళ కాణి 1/80. ఒకే మాట, రెండు విలువలు. తెలుగు కాని నుంచి తమిళ కాణి పోతే ఎంత? 64కు, 80కి ఉమ్మడి కారణాంకం 16, లబ్ధాలు 4, 5, నిరుద్ధము 320. కాని అంటే 5/320, కాణి అంటే 4/320. మిగిలినది 1/320. తెలుగు లెక్కలో నాలుగుల మెట్లు ఎన్ని దిగినా ఈ విలువ సరిగా దొరకదు. తమిళ పిల్లవాడిని అడగండి. దాని పేరు ముందిరి.